రెండు కలుపు

ఆకులన్నీ నిటారుగా ఉన్నాయి. ముందు కళ్లజోడు మీద అనుమానపడి తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాను. తర్వాత నేను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ ఒక పక్కకి ఒరిగిందేమోనని నేల వంక చూశాను. నేల సమంగానే ఉంది, ఛత్రినాకలో, నా భార్య దగ్గర అల్లిక నేర్చుకున్న ఈ స్రవ్య వాళ్ల ముందు గది నేల, షాబాదు బండలు, చల్లగా, చదునుగా. మంచం మీద పాత దుప్పటి పరిచి, దాని మీద తడి శాలువాని నాలుగు వైపులా లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టింది ఆ అమ్మాయి. లేస్ అల్లిక అంతే, సూదుల మీంచి దిగినప్పుడు నలిగిన గుడ్డలా ముడుచుకుని ఉంటుంది, తడిపి, సాగదీసి, కదలకుండా గుచ్చి ఆరనిస్తేనే కన్నాలు విచ్చుకుంటాయి, లోపల ఏం అల్లారో అప్పుడు తెలుస్తుంది. వంకాయ పువ్వు రంగు ఊలు. నడుమ కిటికీ జాలీలాంటి అల్లిక. జాలీ చుట్టూ ఆకులు, మాలలాగా, ఒకదాని వెనక ఒకటి, మధ్య ఈనె సూటిగా, రెండు అంచులూ రెండు వైపుల నుంచి వచ్చి కొసన కలుసుకుంటూ. ఒక్క ఆకూ కుడికి వాలలేదు. నా భార్య హైమవతి అల్లిన ఆకు కుడికి వాలుతుంది. మా పెళ్లైన మరుసటేడాది నుంచీ వాలుతూనే ఉంది, నా మఫ్లరులో, పక్కింటి పిల్లల టోపీల్లో, చుట్టాలకి ఇచ్చిన శాలువాలన్నిటిలో, గాలి ఎప్పుడూ ఎడమ వైపు నుంచే వీస్తున్నట్టు. ఆమె సగంలో ఆపి వెళ్లిపోయిన ఈ శాలువాని స్రవ్య చేతిలో పెట్టినప్పుడు నేను చెప్పింది ఒక్కటే మాట, అమ్మ ఎలా అల్లిందో అలాగే పూర్తి చెయ్యి తల్లీ అని. తల ఊపింది. ఊపిందా? ఊపినట్టే గుర్తు.

నల్లా నీళ్లు ఐదింటికి వస్తాయట, అంతదాకా కూర్చోమంది, ఈలోగా శాలువా కూడా ఆరిపోతుందట, సూదులు తీసి మడతపెట్టి ఇస్తుందట. వెనకాల డ్రమ్ములు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. శాలువా ఎగరకుండా ఫ్యాను చిన్నగా పెట్టింది. సూదులు తుప్పు మరక వేస్తాయని ప్రతి సూది కిందా చిన్న గుడ్డముక్క పెట్టింది, ఆ గుడ్డముక్కలు కూడా ఒకే కొలతలో కత్తిరించి ఉన్నాయి. అడక్కుండానే చక్కెర లేని చాయ్ తెచ్చి ఇచ్చింది. ఇంత శ్రద్ధ ఉన్న మనిషికి, ఆకు కుడికి వాలాలని ఎందుకు కనపడలేదు? సగం శాలువా ముందుంది కదా, చూసి అల్లడమే కదా. సగం. ఆ సగం ఏది? కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని మొదటి వరస నుంచి చూశాను. హైమ అల్లిన సగానికీ ఈ అమ్మాయి అల్లిన సగానికీ సరిహద్దు వెతికాను, చేతి బిగువు మారుతుంది కదా, ఎక్కడో ఒక చోట తెలియాలి. తెలియలేదు. ఇటు నుంచి అటు దాకా ఒకే చెయ్యి. ఆ చెయ్యి హైమది కాదు.

గుమ్మం దగ్గర స్రవ్య అత్తగారు ఆగమ్మ పుంటికూర ఏరుతోంది. నేను వచ్చినప్పటి నుంచీ నన్నే గమనిస్తోంది కాబోలు. "ఏం సారూ, పెండ్లి పిల్లను చూసినట్టు వంగి వంగి చూస్తున్నవ్. నచ్చలేదా ఏంది?" అంది. నచ్చిందమ్మా అన్నాను. నా గొంతులో ఏముందో ఆమెకి వినపడింది. ఆకులు తుంపుతూనే, కోడలికి చాటుగా చెప్తున్నట్టు గొంతు తగ్గించి, "మస్తు పని పెట్టుకున్నది సారూ. మీరిచ్చిన దాన్ని మొదటిసంది ఊడబీకింది, గదే రంగు కొత్త ఊలు తెచ్చి అల్లింది. అల్లిన దాన్ని ఊడబీకుడేందే, నీకేమన్న పైత్యమా అని నేను లొల్లి పెట్టిన. ఇంటదా? గదిగో, ఊడబీకిందంత గాడ ఏలాడుతున్నది" అని గడ్డంతో చూపించింది.

గోడవారన ఇంకో కుర్చీ ఉంది. దాని వీపుకి ఊలు పెద్ద వలయంలా చుట్టి వేలాడుతోంది, వంకాయ పువ్వు రంగే. వచ్చినప్పుడు చూశాను, మిగిలిన ఊలు అనుకున్నాను. కొత్త ఊలు తిన్నగా జారుతూ ఉంటుంది, ఇది ముడతలు ముడతలుగా, చిన్న చిన్న అలలుగా ఉంది, జడ విప్పిన వెంటనే ఆడవాళ్ల జుట్టు ఉన్నట్టు. ఊలు గుర్తు పెట్టుకుంటుంది అనేది హైమ. ఏ కుట్టులో ఎంతకాలం కూర్చుందో ఆ వంపు దానికి ఉండిపోతుంది, మళ్లీ అల్లాలంటే ముందు తడిపి, బరువు కట్టి వేలాడదీసి, ఆ వంపు మరిపించాలి. వేసవిలో మా మేడ మీద తీగకి పాత స్వెట్టర్ల ఊలు అలా వేలాడుతుండేది, కింద ఇత్తడి చెంబు కట్టి. ఇప్పుడు ఈ కుర్చీ మీద వేలాడుతున్నది ఆమె ఆఖరి నెలల్లో అల్లిన కుట్లు. ఒక్కొక్క అల ఒక్కొక్క కుట్టు. పక్కనే ఖాళీ బకెట్టు. నల్లా కోసం ఎదురుచూస్తున్నది నేనొక్కణ్నే కాదన్నమాట, ఈ ఊలు కూడా.

స్రవ్యని పిలిచాను. కోపం వస్తే నాకు గొంతు సన్నబడుతుంది, ఎప్పుడూ అంతే, ఆఫీసులో కూడా నేను కోపంగా ఉన్నానని ఎవరికీ తెలిసేది కాదు. చీర కుచ్చెళ్లకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇది విప్పేశావా అమ్మా అన్నాను. విప్పిన సార్ అంది, దాచలేదు, తడబడలేదు, నేను మెచ్చుకుంటానని చూస్తున్నట్టుంది. "అమ్మనే చెప్పింది సార్. దవఖాన్లున్నప్పుడు. అన్ని వేరేటోళ్లకు అల్లిన, ఇదొక్కటి నాకు, దీంట్ల ఆకు సక్కగ రావాలె, నాతోని కాకపోతె నువ్వు విప్పి అల్లు అన్నది. మీకు తెలుసనుకున్న."

నాకు తెలియదు. తెలియదని అనలేకపోయాను. భార్య ఆఖరి కోరిక భర్తకి తెలియదని పరాయి ఇంట్లో కూర్చుని ఎలా చెప్పడం. ఆకు ఎందుకు వాలుతోందో ఎప్పుడు కనిపెట్టిందట అని అడిగాను, ఏదో చిన్న సంగతి అడిగినట్టు. "మొదటిసంది ఎరుకే అంట సార్. ఆకుకు రెండు దిక్కుల రెండు రకాల కుట్లు ఉంటయి గద. ఒకటి రెండు కలుపు. ఇంకోటి తిప్పి కలుపు. మీరు అల్లికల పుస్తకం చదివేటప్పుడు రెండిటికి రెండు కలుపు అనే అంటుండెనంట. గందుకే ఒక్క దిక్కే ఒరుగుతుండె." తిప్పి కలుపు. ఆ మాట ఎవరిది అని అడిగాను. "అమ్మనే పెట్టింది సార్ పేరు. కుట్టును సూది మీద తిప్పి, అప్పుడు రెండు కలిపి అల్లాలె, గందుకు. సార్‌కు ఎందుకు చెప్పలే అమ్మా అని నేనడిగిన. నవ్వింది." ఇక్కడ స్రవ్య తల కొంచెం పక్కకి వంచింది, హైమ వంచినట్టే, ఆ తర్వాతి మాట తనది కాని యాసలో, నా ఇంటి యాసలో అంది: "'చెప్తే చదవడం మానేస్తారే' అన్నది." వెనకనుంచి ఎవరో బిందె గురించి పిలిస్తే వెళ్లిపోయింది.

చెప్తే చదవడం మానేస్తారే. ఆ 'రే' దగ్గర గొంతు పైకి వెళ్లడం కూడా హైమదే. నేను విననివి ఇంకెన్ని ఉన్నాయో ఈ అమ్మాయి దగ్గర, అదే గొంతులో. నేను చదవడం. అవును, నేనే చదివేవాణ్ని. ఆమెకి ఇంగ్లీషు వచ్చు గానీ ఆ పుస్తకాల్లో ఇంగ్లీషు ఇంగ్లీషు కాదు, పొట్టి అక్షరాలూ చుక్కలూ నక్షత్రాలూ. అల్లేవాళ్లకి రెండు చేతులూ సూదుల మీదే ఉంటాయి, పుస్తకం ఎవరు పట్టుకోవాలి? నేను పట్టుకున్నాను. దబీర్‌పురాలో అద్దె ఇల్లు అప్పుడు, రైలు వెళ్తే కిటికీ జాలీ సన్నగా మోగేది, రాళ్లలో చెక్కినట్టు చెక్కలో చెక్కిన పాత జాలీ, దాని నీడ సాయంత్రం ఆమె ఒళ్లో పడేది, ఆమె ఆ నీడ మీదే అల్లేది. నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని పుస్తకం తెరిచేవాణ్ని. ఊలు చుట్టు. మూడు అల్లు. రెండు కలుపు. మళ్లీ ఊలు చుట్టు. రోజంతా సచివాలయంలో అనువాదం చేసి వచ్చి ఇంట్లో కూడా అదే పని, కానీ ఇది తీపి. ప్రభుత్వం వారి ఇంగ్లీషు ఉత్తర్వుల్ని తెలుగులోకి మార్చడం నా ఉద్యోగం, ముప్పై ఏళ్ల పైచిలుకు. నా తెలుగులో సందిగ్ధం ఉండదని పేరు. ఆ పుస్తకంలో రెండు వేర్వేరు గుర్తులు ఉన్నాయి, రెండిటికీ ఫలితం ఒకటే, రెండు కుట్లు ఒకటవుతాయి. రెండూ ఒకటేగా అనుకున్నాను. ఎటు వంగి ఒకటవుతాయి అని పుస్తకం చెప్తోంది, నాకు అక్కర్లేదనిపించింది. రెండు కలుపు. రెండు కలుపు.

మొదటిసారి ఆకు వాలినప్పుడు నాకు బాగా గుర్తు. బాగా గుర్తనే ఇంతకాలం అనుకున్నాను, ఇప్పుడు మళ్లీ తీసి చూడాలి, మళ్లీ కళ్లజోడు తుడుచుకుని. జాలీ నీడ. ఆమె అల్లికని మోకాలి మీద పరిచి వేలితో ఒత్తింది. ఇదేంటండీ, ఒక పక్కకి పడిపోతోంది అంది. నేను బొమ్మతో పోల్చి చూసి నవ్వాను. నా చదవడంలోనే ఏదో తేడా అయి ఉంటుంది అన్నాను. ఇది మన ఆకు అన్నాను. ప్రపంచంలో ఇంకెవరికీ రాదు అన్నాను. ఆమె ఏమంది? చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని ఆలోచిస్తున్నాను. ఆమె కూడా మన ఆకు అంది అనే అనుకుంటూ వచ్చాను. అందా? ఎప్పుడైనా అందా? ఆ గొంతులో ఆ రెండు మాటలూ ఒక్కసారైనా వినిపించేలా చేసుకుందామని చూశాను. రావడం లేదు. మన ఆకు అని చెప్పింది నేను. బంధువుల పెళ్లిలో వియ్యపురాలి భుజం మీద శాలువా పట్టుకుని చూపించి, ఇది పొరపాటులో పుట్టిన ఆకండీ, మా ఇద్దరిదీ అని చెప్పింది నేను. ఆఫీసులో మఫ్లర్ తీసి బల్ల మీద పరిచి చూపించింది నేను. ఆమె పక్కనే ఉండేది, నవ్వుతూ ఉండేది. ఆ నవ్వునే నేను మాట కింద అనువదించుకున్నాను. అసలు ఆ సాయంత్రం ఆమె అన్న మాట వస్తోంది ఇప్పుడు, అడుగు నుంచి పైకి, రైలు చప్పుడు ఆగాక కిటికీ మోత ఆగినట్టు స్పష్టంగా. పోన్లెండి. అంతే అంది. అని సూదులు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

పోన్లెండి. ఆ మాట ఆమె రోజుకి ఎన్నిసార్లు అనేదో. నేను కూరల్లో ముదురు బెండకాయలు తెస్తే పోన్లెండి. వాళ్ల అమ్మానాన్నల దగ్గరికి వెళ్లాల్సిన సెలవు నాకు రద్దైతే పోన్లెండి. మాకు పిల్లలు కలగరని డాక్టరు చెప్పి బయటికి వచ్చాక, మెట్ల మీద, నేను ముందు కూలబడితే నా భుజం మీద చెయ్యి వేసి పోన్లెండి. నేను ప్రతిసారీ ఊపిరి పీల్చుకున్నాను. అయిపోయింది, ఆమెకి బాధ లేదు, పోయింది అనుకున్నాను. ఎక్కడికి పోయింది? ఏదీ ఎక్కడికీ పోలేదేమో. అన్నీ ఆ కుర్చీ మీది ఊలులాగా వంపులు వంపులుగా ఆమెలోనే ఉండి, ఆఖరికి ఎవరో ఒకరికి చెప్పాలనిపించి, దవాఖానాలో ఏసీ చలికి వణుకుతూ, నేను మందులకి కిందికి వెళ్లిన సమయంలో, వారానికి రెండుసార్లు అల్లిక నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయికి చెప్పింది. ఇదొక్కటి నాకు. నాకు అంటే, మిగతావన్నీ నావి కావని. ఆ మంచం పక్కన కూడా నేను పుస్తకం చదివాను కదా, మెల్లగా, నర్సులు నవ్వుకుంటుంటే, రెండు కలుపు, రెండు కలుపు. ఆమె కళ్లు మూసుకుని విని, వాలే ఆకునే అల్లింది, విప్పేస్తారని తెలిసీ అల్లింది. తెలిసీ. ఇది నన్ను కోస్తోంది. నేను వెళ్లిపోగానే ఇద్దరూ ఆ ఆకు చూసి నవ్వుకున్నారా? పాపం సారు అనుకున్నారా? నా వెనక నా ఇల్లు ఇంకోలా ఉందని, అది ఈ పిల్లకి తెలుసని, ఈ గుమ్మంలో పుంటికూర ఏరే ముసలామెకి కూడా తెలుసేమోనని.

మిగతావన్నీ మార్చేది ఆమె, అదే నన్ను మోసం చేసింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఏనాడూ అల్లలేదు. ఈ శాలువాకి నడుమ మామూలు వల ఉంది పుస్తకంలో, దాన్ని తీసేసి దబీర్‌పురా కిటికీ జాలీ వేసుకుంది, ఇల్లు వదిలి ఎన్నేళ్లయినా కన్నం కన్నం గుర్తు పెట్టుకుని. అంచుకి గుండ్రటి అలలు ఉంటే వద్దని కోణాలు పెట్టుకుంది. నచ్చనిదేదీ ఉంచని మనిషి ఆకుని ఉంచిందంటే నచ్చే ఉంచిందనుకున్నాను. ఎవరైనా అనుకుంటారు. అనుకోరా?

చెప్తే చదవడం మానేస్తారే. మానేసేవాణ్ని. అది నిజం, అది ఆమెకి తెలుసు. తప్పు పట్టుకున్నాక మళ్లీ ఆ పుస్తకం తెరిచేవాణ్ని కాదు, నీకు వచ్చుగా నువ్వే చూసుకో అనేవాణ్ని, సన్నటి గొంతుతో. అంటే ఆమెకి కావలసింది ఆకు కాదు, నేను పక్కన కూర్చుని చదవడం. ఆ మాట పక్కన పెట్టుకుని కాసేపు వెచ్చబడదామని చూశాను. వెచ్చబడలేదు, ఇంకా లేదు. నా గొంతు కోసం అబద్ధం మోసిందంటే, ఆ గొంతు నిజం వింటే నిలవదని అనుకుందనేగా. నిలిచేదేమో. ఒక్కసారి అడిగి చూడాల్సింది. ఎండ గుమ్మం దాటి నా పాదాల మీదికి వచ్చింది. ఆగమ్మ చూసి, లేచి, తలుపు రెక్క సగం దగ్గరికి వేసి, ఆ సందు వెలుతురులోనే కళ్లు చికిలించుకుంటూ మళ్లీ కూర ఏరుకోసాగింది.

ముందు గొట్టం దగ్గింది. గాలి, తర్వాత తుప్పు నీళ్ల చప్పుడు, తర్వాత గల్లీ పొడుగునా నల్లా నల్లా అని కేకలు, బిందెలు, ఎక్కడో ఎవరి మోటారో. స్రవ్య డ్రమ్ముకి పైపు పెట్టి, ముందు గదిలోకి పరుగున వచ్చి శాలువాని చివర్లో తాకి చూసింది, ఆరిందని తనలో తాను అనుకుంది. బకెట్టు తీసుకెళ్లి నింపుకొచ్చి కుర్చీ పక్కన పెట్టింది. ఊలు వలయాన్ని రెండు చేతుల మీదికి తీసుకుంది, నిద్రపోయే పిల్లని తీసుకున్నట్టు జాగ్రత్తగా. అప్పుడు నా ముఖం చూసింది.

"సార్, కోపమొచ్చిందా? మిమ్మల్ని ఒక్కసారి అడిగి విప్పాల్సి ఉండె."

"పోన్లేమ్మా," అన్నాను.

వచ్చేసింది, ఆలోచించే లోపలే, అంత తేలిగ్గా, అంత మెత్తగా. ఆ మెత్తదనం చూసి నేనే ఉలిక్కిపడ్డాను. లోపల ఏదీ పోలేదు, కోపం ఉన్నచోటే ఉంది, పైన ఈ మాట దుప్పటిలా కప్పుకుంది. స్రవ్య ముఖం వెంటనే విచ్చుకుంది. బరువు దిగింది ఆ పిల్లకి, చూస్తుండగానే. అది నా ముఖం. దబీర్‌పురా కిటికీ దగ్గరా, దవాఖానా మెట్ల మీదా హైమకి కనిపించిన ముఖం. ఎంత తేలిగ్గా నమ్ముతుందో ఎదుటి మనిషి. ఇంత తేలిగ్గా నమ్మాను నేను. వలయం నీళ్ల మీదికి వంగింది, కింది పోగులు నీటిని తాకబోతున్నాయి.

"ఆగమ్మా," అన్నాను.

"ఏంది సారూ?" అంది గుమ్మంలోంచి ఆగమ్మ, తల ఎత్తి. "నన్ను పిలిచినవా?"

స్రవ్య నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ వచ్చింది నవ్వు. మిమ్మల్ని కాదమ్మా, కోడల్ని అన్నాను. లేచి నిలబడ్డాను, కూర్చుని చెప్పగలిగే మాట కాదనిపించింది. "పోన్లే అన్నాను గానీ, పోలేదమ్మా. నాకు కష్టంగా ఉంది. నువ్వు తప్పు చేశావని కాదు, ఆమె చెప్పింది నువ్వు చేశావు. కానీ నాకు కష్టంగా ఉంది. ఆ ఊలు తడపకు."

నవ్వు ఆగిపోయి నన్నే చూసింది. నొచ్చుకుంది, అది కనపడింది, దాన్ని తుడిచేయడానికి నా నాలుక చివర మళ్లీ ఆ మాటే సిద్ధంగా ఉంది, మింగేశాను. నెమ్మదిగా అంది, "తడపకుంటె వంకర్లు పోవు సార్. గిట్లనే ఉంటె మళ్ల అల్లనీకి పనికి రాదు."

"పనికి రానక్కర్లేదు."

"ఇచ్చెయ్యవే," అంది ఆగమ్మ, కూర వంకే చూస్తూ. "ఆయనది ఆయనకియ్యి."

స్రవ్య వలయాన్ని నీళ్ల మీంచి ఎత్తి, రెండు వైపులా చేతులు పెట్టి, నా చేతుల మీదికి మార్చింది. కింద ఒక పోగు కొస తడిసింది, అక్కడ వంపు అప్పుడే పోతోంది. తర్వాత మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క సూదీ తీయడం మొదలుపెట్టింది, తీసిన సూదిని నోట్లో పెట్టుకోకుండా డబ్బాలో వేస్తూ. హైమ తిట్టేది దానికి, నోట్లో పెట్టుకోవద్దే అని. జాలీలోంచి దుప్పటి పువ్వులు కనపడుతున్నాయి. ఆకులు నిటారుగా ఉన్నాయి. అందంగా ఉన్నాయి, అది చెప్పక తప్పదు, పుస్తకంలో బొమ్మకంటే బాగున్నాయి, ఆమె భుజాల మీద ఎలా ఉండేవో నాకు తెలియదు, తెలిసే వీలు లేదు. నేను కూర్చున్నాను. ఒళ్లో పొడి ఊలు. తడిసిన కొసని పక్కకి పెట్టి, ఇంకో కొస వెతికి వేళ్ల మధ్య జార్చాను, చిన్న అల, పెద్ద అల, చిన్న అల. పెదవులు వాటంతట అవే కదిలాయి. ఊలు చుట్టు. మూడు అల్లు. రెండు కలుపు. ఊలు చుట్టు. మూడు అల్లు. ఇక్కడ ఆగాను. ఎప్పుడూ ఆగని చోట. ఆమె ఇక్కడే కదా ప్రతిసారీ కళ్లు మూసుకుని, ఏమీ అనకుండా, నేను చెప్పిందే అల్లింది. నల్లా సన్నబడుతోంది. స్రవ్యా అన్నాను. ఊ అంది సూది తీస్తూ.

"ఆ రెండో దాన్ని అమ్మ ఏమందన్నావు? మళ్లీ చెప్పు."